హాస్టలా, ఒంటి వాటానా, ఉమ్మడి ఇల్లా? విజయనగరం వచ్చేవాళ్ళకు నా సలహా

ఏటా మే నెలాఖరుకి మా ఊరి నుంచి నాకు రెండు మూడు ఫోన్లు వస్తాయి. చిన్నాన్న కూతురో, పక్కింటి అబ్బాయో, మా అమ్మ డ్వాక్రా సంఘంలోని ఎవరి మనవరాలో. "అప్పా, విజయనగరంలో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో చేరమంటావా, రూమ్ తీసుకోమంటావా?" అని అడుగుతారు. మా వైపు అక్కను అప్పా అంటారు. అడిగేది ఒక్క ముక్కే, నేను చెప్పడం మొదలుపెడితే మాత్రం గంట పడుతుంది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

నేను పాలకొండ దగ్గరి పల్లె నుంచి 2014 జూన్‌లో విజయనగరం వచ్చాను, ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా. ఏడేళ్ళలో నాలుగు రకాలుగా బతికాను. ఏడాదిన్నర హాస్టల్, ఎనిమిది నెలలు ఒంటి వాటా, ఇంకో ఎనిమిది నెలలు అద్దె పంచుకున్న ఫ్లాట్, ఆ తర్వాత నాలుగేళ్ళు ఐదుగురం కలిసి నడుపుకున్న ఉమ్మడి ఇల్లు. నాలుగింటిలోనూ ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఊళ్ళో ఒంటరిగా ఉన్నానన్న బాధ పోయింది మాత్రం నాలుగోదాంట్లోనే.

చాలామంది ముందు అద్దె చూస్తారు. అద్దె కంటే ముందు చూడాల్సింది పొయ్యి. ఆ ఇంట్లో పొయ్యి ఎవరిది, ఎన్ని పొయ్యిలు, ఎవరు వెలిగిస్తారు? హాస్టల్లో పొయ్యి యజమానిది. ఒంటి వాటాలో పొయ్యి మీది, మీ ఒక్కరిదే. అద్దె పంచుకునే ఫ్లాట్లో ఒకే వంటింట్లో ఎవరి వంట వాళ్ళది. ఉమ్మడి ఇంట్లో ఒకటే పొయ్యి, ఒకటే బియ్యం డబ్బా, ఒకటే పద్దు పుస్తకం. మిగతా తేడాలన్నీ దీన్నుంచే పుడతాయి.

విజయనగరానికి చదువుకనో ఉద్యోగానికనో వచ్చినవాళ్ళకు తిండి ఎప్పుడూ పెద్ద ప్రశ్నే. ఘంటసాల అక్కడి సంగీత కళాశాలలో చదవడానికి వచ్చినప్పుడు గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారి ఇంట్లో ఆశ్రయం దొరికింది కానీ, అన్నం కోసం జోలె పట్టుకుని ఇంటింటికీ మధూకరానికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజుల్లో పిల్లలు వారాలు చేసుకుని చదివేవాళ్ళు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఇప్పుడు వారాలు లేవు. మెస్‌లూ కర్రీ పాయింట్లూ వచ్చాయి. నాలుగు రోజులు వరసగా కర్రీ పాయింట్ కూర తింటే ఐదో రోజున ఇంట్లో పెట్టిన చారు గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది.

హాస్టల్

కొత్తగా వచ్చినవాళ్ళకు హాస్టలే మంచిది. ఇందులో నాకు సందేహం లేదు. ఊరు తెలియదు, మనుషులు తెలియరు, ఏ వీధిలో నీళ్ళు బాగుంటాయో తెలియదు. మొదటి నెల జీతం రాకుండా ఇంటికి అడ్వాన్స్ కట్టే స్తోమత చాలామందికి ఉండదు. హాస్టల్లో ఒక పెట్టె, ఒక దుప్పటి పట్టుకుని చేరిపోవచ్చు. నచ్చకపోతే నెలాఖరుకి పెట్టె సర్దేసుకోవచ్చు. ఆడపిల్లల ఇంట్లోవాళ్ళకూ అదే ధైర్యం.

చేరే ముందు మూడు విషయాలు చూడండి. రాత్రి భోజనం వేళకు వెళ్ళి ఆ రోజు ఏం వండారో చూడండి. పగలు చూస్తే ఏమీ తెలియదు. గదిలో ఎన్ని మంచాలున్నాయో కాదు, ఒక్కో బాత్రూమ్‌కు ఎంతమందో అడగండి. నెల మధ్యలో మానేస్తే అడ్వాన్స్ ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి.

హాస్టల్లో నాకు నచ్చనిది తిండి కాదు. ఏ విషయంలోనూ మన మాటకు చోటు లేకపోవడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖతో పాటు విజయనగరమూ చీకట్లో పడింది. కరెంటు లేక మోటారు ఆడలేదు. మోటారు ఆడక పైన ట్యాంకు ఖాళీ. మూడో రోజున మా హాస్టల్ యజమాని "అందరూ ఇళ్ళకు వెళ్ళిపోండి" అన్నారు. రోడ్ల మీద చెట్లు పడి ఉన్నాయి, బస్సుల సంగతి ఎవరికీ తెలియదు. ఇరవై మంది ఆడపిల్లలం బ్యాగులు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాం. ఆయన కష్టం ఆయనది, ఇరవై మందికి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అయినా ఆ రోజు తెలిసింది, అది మేం ఉండే చోటే కానీ మా ఇల్లు కాదని.

ఒంటి వాటా

మన వైపు పాత డాబాల్లో వెనక వైపో, మేడ మీదో ఒక గది, వంటిల్లు, బాత్రూమ్ విడదీసి వాటాగా అద్దెకిస్తారు. దాసన్నపేట, తోటపాలెం, కంటోన్మెంటు వైపు తిరిగితే టూలెట్ బోర్డులు కనిపిస్తాయి. బోర్డు లేని వాటాలే ఇంకా ఎక్కువ. వాటి సంగతి పాలు పోసేవాళ్ళకీ, కిరాణా కొట్టువాళ్ళకీ తెలుస్తుంది.

ఒంటి వాటాలో దొరికేది ప్రశాంతత. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివేవాళ్ళకు, రాత్రి డ్యూటీలు చేసే నర్సులకు, రోజూ పొద్దున్నే రైలెక్కి విశాఖ వెళ్ళొచ్చేవాళ్ళకు ఇంతకంటే మంచిది లేదు. రాత్రి రెండింటికి లైటు వేసుకుంటే ఎవరూ నసగరు. అమ్మా నాన్నా వచ్చి పది రోజులుంటే ఎవర్నీ అడగనక్కర్లేదు.

ఖర్చు మాత్రం ఒక్కరి నెత్తి మీదే పడుతుంది. ఖర్చు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వంట. ఒక్కదానికి వండుకోవడానికీ నలుగురికి వండడానికీ పట్టే సమయంలో పెద్ద తేడా లేదు. ఆనపకాయ ఒకటి కొంటే మూడు పూటలు అదే కూర. సాయంత్రం అలిసిపోయి వచ్చి, ఒక్కదాని కోసం కుక్కర్ పెట్టబుద్ధి కాక మరమరాలు తిని పడుకున్న రోజులు లెక్కలేనన్ని. ఆ ఎనిమిది నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. జ్వరం వచ్చి రెండు రోజులు తలుపు తీయకపోతే మూడో రోజున కింద ఇంటి మామ్మ వచ్చి తలుపు కొట్టింది. ఆవిడ లేకపోతే ఏమై ఉండేదో ఇప్పుడు తలుచుకున్నా భయమే.

గ్యాస్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కొత్త ఊళ్ళో చిరునామా రుజువు లేక 14.2 కిలోల సిలిండర్ కనెక్షన్‌కు ఇబ్బంది పడతారు. 5 కిలోల చిన్న సిలిండర్‌ను గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. ఒక్కరి వంటకు అది చాలు. చేతికి తేలిక, మేడ మీదకి మోసుకెళ్ళవచ్చు.

అద్దె పంచుకునే ఫ్లాట్

దీని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే దీన్ని తీసుకోమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ముగ్గురు కలిసి రెండు గదుల ఫ్లాట్ తీసుకుంటారు, అద్దె మూడు భాగాలు చేస్తారు, వంట ఎవరిది వాళ్ళది. వినడానికి బాగుంటుంది. ఫ్రిజ్‌లో మూడు పాల ప్యాకెట్లు, మూడు పెరుగు గిన్నెలు, మూడు కొత్తిమీర కట్టలు ఉంటాయి. నా నూనె తగ్గిందేమిటి, నా ఉల్లిపాయలు ఎవరు వాడారు అన్న అనుమానంతోనే రోజు మొదలవుతుంది. గదిలో ఉన్నవాళ్ళు పరాయివాళ్ళలా ఉంటారు, కానీ ఒంటరిగా ఉన్నప్పుడు దొరికే ప్రశాంతత కూడా ఉండదు. అద్దె ఒక్కటే పంచుకుందామనుకుంటే ఏమీ పంచుకోకుండా ఉండడమే నయం.

ఒకరికొకరు ముందే బాగా తెలిసిన స్నేహితులైతే వేరు. వాళ్ళు నాలుగు రోజుల్లో ఎలాగూ ఒకే కుక్కర్‌లో బియ్యం పోసేస్తారు.

ఉమ్మడి ఇల్లు

2017 జూన్‌లో ఐదుగురం కలిశాం. సాయంత్రం పూట అయ్యకోనేరు గట్టు మీద నడిచేటప్పుడు పరిచయమైనవాళ్ళం ముగ్గురం. ఒకరు ఆసుపత్రిలో నర్సు, ఒకరు బ్యాంకులో క్లర్కు, నేను. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ ఒకమ్మాయి, మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకునే అమ్మాయి చేరారు. మూడు గదుల పాత డాబా, వెనక చిన్న పెరడు, బావి, మునగ చెట్టు. ఇంటివాళ్ళు పక్క వాటాలోనే ఉండే ముసలి దంపతులు.

ఇలా అందరూ కలిసి నడుపుకోవడాన్నే సహకార పద్ధతి అంటారు, పెద్ద మాటలా అనిపిస్తుంది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది మామూలు పనివాళ్ళు కలిసి ఒక దుకాణం పెట్టుకుని, ఎవరు ఎంత డబ్బు పెట్టినా ఓటు మాత్రం మనిషికి ఒక్కటే అని నియమం పెట్టుకున్నారు. సహకార సంఘాలు చాలావరకు ఇప్పటికీ ఆ నియమం మీదే నడుస్తున్నాయి. నేను మాత్రం ఇది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మా అమ్మ డ్వాక్రా సంఘంలో రెండో లీడరు. పదిమంది ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ముందు పొదుపు కట్టి, తర్వాత అప్పుల సంగతి మాట్లాడి, తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టడం చిన్నప్పుడు పక్కన కూర్చుని చూశాను. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేసేవాళ్ళు. రాసిన తర్వాత ఆ మాట ఎవరూ మార్చేవారు కాదు. మా ఇంట్లో నేను పెట్టించింది ఆ పుస్తకాన్నే. ఐదుగురి ఇంటికి రిజిస్ట్రేషనూ సంఘమూ అక్కర్లేదు. ఒక పుస్తకం, వారానికి ఒక గంట చాలు.

మేం ఆదివారం పొద్దున్న టిఫిన్ల తర్వాత కూర్చునేవాళ్ళం. ఆ వారం ఖర్చు చదవడం, వచ్చే వారం వంతులు రాసుకోవడం, ఎవరికైనా మనసులో ఏదైనా ఉంటే చెప్పడం. మూడోదే ముఖ్యం. మొదట్లో ఎవరూ నోరు విప్పేవారు కాదు. మన పెంపకం అలాంటిది, మొహం మీద చెప్పడం తప్పని నేర్పిస్తారు. రెండో నెలలో నర్సమ్మాయి వయొలిన్ అమ్మాయి వైపు చూడకుండా, "నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంటాను, ఐదింటికి వయొలిన్ మొదలవుతుంది, నాకు నిద్ర ఉండడం లేదు" అంది. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. సాధన పొద్దున్నే చేయాలని ఆ పిల్లకు గురువు గారి మాట. ఈమె నిద్ర ఈమె ఉద్యోగం. చివరికి నైట్ డ్యూటీ వారాల్లో సాధన డాబా మీదకి మారింది, పెరటి వైపు తిరిగి. ఆ తీర్మానం పుస్తకంలో ఇప్పటికీ ఉంది. మనసులోనే పెట్టుకుని ఉంటే ఇద్దరిలో ఒకరు ఆ నెలాఖరుకి ఖాళీ చేసేవాళ్ళే.

డబ్బు ఎలా పంచుకోవాలి

అద్దె సమానంగా పంచడం న్యాయం కాదు. గాలి వచ్చే పెద్ద గదికి ఎక్కువ, వంటింటి పక్క చీకటి గదికి తక్కువ. మేం ఎవరి గది విలువ ఎంతో అందరితోనూ చీటీల మీద రాయించి సగటు తీశాం. వంట ఖర్చు మాత్రం సమానం. నెల ఒకటో తారీఖున అందరూ ఒకే మొత్తం వేసేవాళ్ళం. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర, మూడు నెలలకోసారి మనుషులు మారతారు. డబ్బూ పుస్తకమూ ఒకరి చేతిలోనే పెట్టకండి. వాళ్ళ నిజాయితీ మీద అనుమానంతో కాదు, వాళ్ళ మీద ఎవరికీ అనుమానం రాకూడదని.

ఊరి నుంచి తెచ్చుకునే సరుకులకు లెక్క ముందే అనుకోండి. మా ఇంట్లో ఒకమ్మాయి సొంత పొలం బియ్యం తెచ్చేది, నేను చోళ్ళు (రాగులు), కందిపప్పు తెచ్చేదాన్ని. మార్కెట్ ధరకు కిలోకి రెండు రూపాయలు తగ్గించి మా పేరున జమ రాసుకునేవాళ్ళం. ఊరగాయలు, పనసకాయ, జీడిపప్పు, పండగ అరిసెలు మాత్రం లెక్కలోకి రావు. వాటికి కూడా లెక్క కడితే అది ఇల్లు ఎలా అవుతుంది?

కరెంటు విషయంలో చాలామంది పొరబడతారు. కలిసి ఉంటే అన్నీ చవక అనుకుంటారు, కరెంటు కాదు. 2022లో మారిన స్లాబుల ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఒక మనిషి విడిగా ఉండి 60 యూనిట్లు కాలిస్తే 147 రూపాయలు. అలాంటివాళ్ళు ఐదుగురికి ఐదు మీటర్లుంటే మొత్తం 735. ఆ 300 యూనిట్లూ ఒకే మీటరు మీద కాలితే 1,673. ఇవి ఇతర చార్జీలు కలపని లెక్కలు. అయితే కలిసి ఉన్నప్పుడు ఫ్రిజ్ ఒకటే, రాత్రి హాల్లో లైటు ఒకటే. 200 యూనిట్లలో సర్దుకుంటే 867 అవుతుంది. ఏసీ పెట్టుకుంటామనే మనిషి ఉంటే ఆ గదికి విడిగా సబ్ మీటరు పెట్టించండి, లేకపోతే మే నెల బిల్లుకే ఇల్లు చీలిపోతుంది.

ఇంకోటి, పొదుపు. నెలకు మనిషికి 200 రూపాయలు విడిగా తీసి పెట్టాం. ఎందుకని మొదట్లో ఇద్దరు గొణిగారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ల్యాబ్ టెక్నీషియన్‌ది ఆ వైపు ఉద్దానం ప్రాంతం. వాళ్ళ కొబ్బరి చెట్లు, జీడితోట ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కొబ్బరి చెట్టు పోతే కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. జీతం మొత్తం ఇంటికి పంపాల్సి వచ్చి, "నేను ఖాళీ చేసేస్తానప్పా, మీకు భారం కాను" అంది. మూడు నెలల ఆమె వాటా పొదుపులోంచి కట్టాం. దయ చూపించినట్టు కాకుండా అప్పుగా పుస్తకంలో రాశాం, ఆ పిల్లే అలా రాయమంది. మరుసటి ఏడు ఉగాదికి మొత్తం తీర్చేసింది. హాస్టల్ గేటు దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడ్డ నాకు, ఆ మూడు నెలలు చూశాక ఉమ్మడి ఇంటి మీద నమ్మకం కుదిరింది.

అన్నీ ఇంత బాగా జరగలేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యే ముందే ఇద్దరు ఊళ్ళకు వెళ్ళిపోయారు, నెలల తరబడి రాలేకపోయారు. వారం దాటి లేకపోతే తిండి ఖర్చు వేయక్కర్లేదు, అద్దె మాత్రం కట్టాలి అన్నది మా నియమం. నాలుగు నెలలు లేకపోతే ఏమిటన్నది రాసుకోలేదు. ప్రైవేటు టీచర్ని, నాకే జీతం ఆగిపోయింది. ఫోన్లలో మాటలు పెరిగాయి. ఇంటివాళ్ళు ఒక నెల అద్దె వదిలేశారు, పొదుపు ఖాళీ అయింది, ఆ ఇద్దరూ సగం అద్దె కట్టారు. అయినా బ్యాంకమ్మాయికి మనసు విరిగి ఇల్లు మారిపోయింది. ఆ తప్పు నాది కూడా. మీరు మొదటి రోజే రాసుకోండి: రెండు నెలలు దాటి రాలేకపోతే ఎంత కట్టాలి, ఆ మంచం ఇంకొకరికి ఇవ్వొచ్చా, సామాను ఎక్కడ పెట్టాలి.

వంటింట్లో

ఐదుగురుంటే వంతు ఐదు రోజులకోసారి వస్తుంది. నాకు ఒంటి వాటాలో రోజుకు గంటన్నర పోయేది. ఇక్కడ ఐదు రోజులకు ఒకసారి రెండు గంటలు. వండినవాళ్ళు గిన్నెలు తోమరు, మర్నాటి వంతువాళ్ళు తోమాలి. నైట్ డ్యూటీ వారంలో నర్సుకు వంతు లేదు, బదులుగా కూరగాయలు ఆమె తెచ్చేది. వారానికోసారి రైతుబజారుకు వెళ్ళి ఐదుగురికి ఒకేసారి కొంటే బాగా కలిసొస్తుంది. ఆనపకాయ మిగలదు, ఆకుకూర వాడిపోదు.

మాలో ఒకరు మాంసం ముట్టరు. ఇంకొకరికి నెత్తళ్ళ పులుసు లేని ఆదివారం ఆదివారమే కాదు. ఈ గొడవను తేలిగ్గా తీసుకోకండి. వాసన పడకపోతే నిజంగానే కడుపులో తిప్పుతుంది, దాన్ని నటన అనకూడదు. మేం మూకుడూ గరిటే విడిగా పెట్టుకున్నాం, చేపా ఎండుచేపా పెరట్లో చిన్న స్టవ్ మీద వండుకునేవాళ్ళం. శాకాహారి ఖర్చులోంచి మాంసం డబ్బు తీసేసేవాళ్ళం.

పులుపూ కారమూ ఐదిళ్ళవి ఐదు రకాలు. మొదటి నెలంతా ఎవరికీ ఎవరి వంటా నచ్చలేదు. వేసవిలో నేను చోడి అంబలి కాచడం మొదలుపెడితే బ్యాంకమ్మాయి ముఖం తిప్పుకునేది. రెండో వేసవికి అంబలి లేకుండా బ్యాంకుకు వెళ్ళేది కాదు.

ఇల్లు దొరకడం

ఉమ్మడి ఇంటికి అన్నిటికన్నా కష్టం ఇదే. "ఫ్యామిలీకే ఇస్తాం" అనే మాట వీధికొకటి వింటారు. మగపిల్లలైతే ఇంకా ఎక్కువ తిరగాలి. ఎవరో ఒకరిని ముందు పంపి, తర్వాత ఐదుగురు దిగిపోవడం మాత్రం చేయకండి. అందరూ కలిసి వెళ్ళండి, ఎక్కడ పని చేస్తారో చెప్పండి, అద్దె కాగితంలో అందరి పేర్లూ రాయించండి. ఆ కాగితాన్ని సాధారణంగా 11 నెలలకే రాస్తారు. ఒక్కరి పేరే ఉంటే రేపు గొడవ వచ్చినప్పుడు మిగతా నలుగురూ ఆ ఒక్కరి దయ మీద బతకాలి, లేదా ఆ ఒక్కరి నెత్తిన మొత్తం అప్పు పడుతుంది. ఇంటివాళ్ళతో మాట్లాడే పని నెలనెలా ఒకరికే అప్పజెప్పండి. ఐదుగురు ఐదు మాటలు చెబితే పెద్దవాళ్ళు కంగారు పడతారు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు "మీరేటోళ్ళమ్మా?" అని కులం అడుగుతారు. మాలో ఒకమ్మాయి దళితురాలు. రెండు చోట్ల నలుగురికైతే ఇస్తామన్నారు. ఐదుగురం కలిసే వెనక్కి వచ్చేశాం. మూడో ఇంట్లో ఆ ముసలాయన "అద్దె టైముకి ఇస్తారా, గేటు వేసి పడుకుంటారా?" అని రెండే అడిగాడు. కలిసి ఉండాలనుకునేవాళ్ళు ఈ విషయం ఇల్లు వెతకడానికి ముందే తమలో తాము మాట్లాడుకోవాలి. ఒకరిని వదిలేసి తీసుకున్న ఇంట్లో మిగతావాళ్ళ మధ్య నమ్మకం నిలబడదు. కలిసి ఉండేవాళ్ళలో ఒక్కరు అదే వంటింట్లో ఇంకొకరి కంచం విడిగా పెట్టమన్నా అంతే. అలాంటి మనసున్నవాళ్ళకు ఒంటి వాటాయే సరి.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

మొదటి ఆరు నెలలు హాస్టల్. ఆ ఆరు నెలల్లో మనుషుల్ని చూసుకోండి. సాయంత్రం ఏడు లోపు ఇంటికి చేరేవాళ్ళు, కనీసం రెండేళ్ళు విజయనగరంలోనే ఉంటామనుకునేవాళ్ళు, "నువ్వు ఇంకా ఇవ్వాలి" అన్న మాట మొహమాటం లేకుండా చెప్పగలిగేవాళ్ళు ఉమ్మడి ఇంటికి వెళ్ళండి. చెప్పలేనివాళ్ళు కూడా వెళ్ళొచ్చు, కానీ చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఆ ఇంట్లో ఉండాలి. నలుగురు లేదా ఐదుగురు సరిపోతారు. ముగ్గురైతే ఇద్దరు ఒకటై మూడో మనిషి ఒంటరి అవుతారు. ఆరుగురు దాటితే ఒక బాత్రూమ్, ఒక పొయ్యి చాలవు, ఆదివారం కూర్చోవడం మీటింగులా మారిపోతుంది.

పోటీ పరీక్ష ఏడాదిలోపు ఉన్నవాళ్ళు, విశాఖకు రైల్లో తిరిగేవాళ్ళు, అమ్మానాన్నల్ని తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ఒంటి వాటా చూసుకోండి. అరవై కిలోమీటర్లు పోయి అరవై కిలోమీటర్లు వచ్చే మనిషికి వంట వంతు శిక్షలా అవుతుంది. వంతు ఎగ్గొట్టినందుకు రోజూ మాట పడాల్సి వస్తుంది. ఈ మధ్య రిటైరైన ఒంటరి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటామని అడుగుతున్నారు. వాళ్ళకు నా సలహా పక్కపక్క వాటాలు, ఒక్క వంటిల్లు. ఎవరి తలుపు వాళ్ళకుంటుంది, అన్నం మాత్రం కలిసి తింటారు.

శ్రీకాకుళంలో అయితే

పెళ్ళయ్యాక నేను ఇప్పుడు ఉంటున్నది ఇక్కడే. లెక్కలన్నీ ఇక్కడా అవే, కానీ చోటు చూసుకోవడంలో తేడా ఉంది. రైలు స్టేషన్ ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది. విజయనగరంలోలా స్టేషన్ పక్కన ఇల్లు చూసుకుని రోజూ రైలెక్కుదామంటే కుదరదు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళేవాళ్ళు, రిమ్స్ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు, డే అండ్ నైట్ జంక్షన్ వైపు ఆఫీసులవాళ్ళు ఒకే ఇంట్లో ఉంటామంటే ముందు బస్సులూ ఆటోలూ చూసుకోండి. ఐదుగురూ ఐదు దిక్కులకు పోయే ఇంట్లో పొద్దున్న క్యారేజీలు సర్దడానికే సరిపోతుంది. నాగావళి ఒడ్డు వీధుల్లో ఇల్లు చూస్తే వానాకాలంలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పక్కవాళ్ళను అడగకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

వెళ్ళిపోయేటప్పుడు

చేరేటప్పుడే వెళ్ళిపోవడం గురించి రాసుకోవాలి. మాకు రెండు నెలల ముందు చెప్పాలన్న నియమం ఉండేది. వెళ్ళేవాళ్ళ అడ్వాన్స్ వాటాను ఇంటివాళ్ళను అడగకుండా కొత్తగా చేరేవాళ్ళు వాళ్ళకిచ్చేస్తారు. కొత్త మనిషిని వెళ్ళేవాళ్ళు తేవచ్చు, కానీ ఉండేవాళ్ళంతా ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు ఒక ఆదివారం భోజనానికి పిలిచి, తిన్నాక ఆ మనిషి తన కంచం తాను తీస్తుందో లేదో చూసేవాళ్ళం. అద్దె కాగితంలో పేరు మార్పించడం మర్చిపోకండి. గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరున ఉందో ముందుగానే చూసుకోండి. ఆ మనిషే వెళ్ళిపోతే ఉన్నవాళ్ళకు నెల రోజులు పొయ్యి ఉండదు.

కలిసి కొన్న సామాను జాబితా పుస్తకం చివరి పేజీలో ఉండాలి, ధరతో, తేదీతో. ఏడాదికి ఐదో వంతు విలువ తగ్గించి వెళ్ళేవాళ్ళ వాటా ఇచ్చేసేవాళ్ళం. 2021 జూన్‌లో నేను ఖాళీ చేసినప్పుడు ఫ్రిజ్, గ్రైండర్, పెరటి స్టవ్ కలిపి నా వాటా 640 రూపాయలు తేలింది. నర్సమ్మాయి లెక్క రెండుసార్లు సరిచూసి, పుస్తకంలో నా చేత సంతకం పెట్టించి, డబ్బు చేతికిచ్చింది. అదే పుస్తకం, అదే డాబా. అందులో ఇప్పుడు వేరే ఐదుగురు ఉంటున్నారు. ఈ మేలో ఫోన్ చేసిన మా చిన్నాన్న కూతురికి హాస్టల్ పేరుతో పాటు ఆ ఇంటి చిరునామా కూడా ఇచ్చాను. డిసెంబరులో ఒక మంచం ఖాళీ అవుతుందట, ఏదో ఒక ఆదివారం భోజనానికి వెళ్ళమన్నాను.